జాగరూకుడగు జెట్టి

2013వ సంవత్సరము అక్టోబరు 5వ తేదీన మాస్కో నగరమున, ఉక్రెయిను దేశపు ముష్టియోధుడగు వ్లాదిమిర్ క్లిచ్‌కో రష్యా యోధుడగు అలెగ్జాండర్ పొవెట్కిన్‌తో తలపడెను. పన్నెండు రౌండ్లును ముగిసిన పిమ్మట న్యాయనిర్ణేతలు మువ్వురును ఒకే లెక్క వ్రాసిరి: క్లిచ్‌కోకు 119, పొవెట్కిన్‌కు 104. ముష్టియుద్ధమున రౌండు గెలిచినవానికి పది పాయింట్లును, ఓడినవానికి తొమ్మిదియు నిచ్చుట వాడుక. దెబ్బ తిని నేలబడిన ప్రతిమాఱును ఒక పాయింటు తగ్గును. ఈ సూత్రముతో పై యంకెలను విడదీసి చూచినచో పన్నెండు రౌండ్లును క్లిచ్‌కోవే యని తేలుచున్నది. ఆయనకు తగ్గిన ఒక్క పాయింటును ప్రత్యర్థిని త్రోసినందులకు రెఫరీ విధించిన శిక్ష. పొవెట్కిన్ నాలుగుమాఱులు నేల కఱచెను. కాగితముమీద నింతకంటె సంపూర్ణమగు విజయము దుర్లభము. అట్లయ్యును ఆ పోరాటమును జూచినవారిలో దానిని మఱల జూడగోరువారు మిక్కిలి యరుదు.

2017వ సంవత్సరము ఏప్రిల్ 29వ తేదీన లండన్ నగరమందలి వెంబ్లీ క్రీడారంగమున, తొంబదివేల జనము నెదుట, అదే క్లిచ్‌కో నలుబదియొకటవ యేట ఆంథొనీ జోషువా యను ఇరువదియేడేండ్ల యువకుని చేతిలో ఓడిపోయెను. ఓడి రింగు దిగిన ఆ రాత్రి లోకమాయనను మెచ్చుకొనినట్లు తొమ్మిదిన్నర యేండ్ల ఏకచ్ఛత్రాధిపత్యమున నెన్నడును మెచ్చుకొనలేదు.

నిండు విజయమునకు విసుగును, పరాజయమునకు ప్రశంసయు లభించుట యెట్లు? ఇది కేవలము ఆటకు సంబంధించిన ప్రశ్న కాదని మేము తలంచుచున్నాము. న్యాయవాదులు, వైద్యులు, ఉద్యోగులు మొదలుగా గల మనము జాగ్రత్తనే వృత్తిధర్మముగా జేసికొని బ్రదుకుచున్నవారము. జాగ్రత్త యెంతవఱకు గుణము, ఎచ్చట నుండి దోషము అను విచారణకు క్లిచ్‌కో చరిత్రము కంటె చక్కని దావా దొరకదు.

ఆయన 1976వ సంవత్సరము మార్చి 25వ తేదీన, నాటి సోవియట్ యూనియనులోని కజకిస్తానమందలి సెమీపలాటిన్‌స్క్ పట్టణమున జన్మించెను. తండ్రి సోవియట్ వైమానిక దళమున నధికారి. అన్నయగు విటాలీయు ప్రపంచ హెవీవెయిట్ విజేతగా వన్నెకెక్కినవాడే. తామిరువురును ఎన్నడును ఒకరితో నొకరు పోరమని తల్లికి మాట యిచ్చి, ఎంత ధన మాశచూపినను ఆ మాట నిలుపుకొనిరి. వ్లాదిమిర్ 1996వ సంవత్సరపు అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో సూపర్ హెవీవెయిట్ స్వర్ణపతకమును గెలిచెను. ఆఱడుగుల ఆఱంగుళముల పొడవు, దానికి దగిన బాహువులు, కుడిచేత పిడుగువంటి దెబ్బ. 2001లో క్రీడాశాస్త్రమున డాక్టరేటు పట్టమును బడసినందున అభిమానులాయనను 'డాక్టర్ స్టీల్‌హామర్', అనగా ఉక్కుసమ్మెట డాక్టరు, అని పిలిచిరి. ఆ బిరుదమున నాయన జీవితమంతయు నిమిడియున్నది. యౌవనమున సమ్మెట ముందు నడచినది. డాక్టరు వెనుక నడచెను. పిదప డాక్టరు ముందునకు వచ్చి సమ్మెటను తాళము వేసిన పెట్టెలో నుంచెను.

అట్లు జరుగుటకు మూడు పరాజయములు కారణములు. చూపఱకు వినోదము గూర్చుటలో నా మూడును మూడే. అనుభవించినవానికి మాత్ర మవి నరకములు.

మొదటిది 1998వ సంవత్సరము డిసెంబరులో కీవ్ నగరమున, స్వజనుల నెదుట జరిగినది. అప్పటికి క్లిచ్‌కో ఓటమి యెఱుగడు. ప్రత్యర్థియగు రాస్ ప్యూరిటీ యను అమెరికను పదమూడు పోరాటము లోడినవాడు. మనవాడు తొలి రౌండ్లలోనే బలమంతయు వెచ్చించి, పదునొకండవ రౌండు నాటికి చేతులెత్తలేని స్థితికి వచ్చెను. ఆయన పక్షమువారే పోరు నాపించిరి. రెండవది 2003వ సంవత్సరము మార్చి 8వ తేదీన జర్మనీలోని హానోవర్ నగరమున జరిగినది. దక్షిణాఫ్రికా వాడగు కోరీ సాండర్స్ ఎడమచేతివాటపు యోధుడు. బాక్సింగు కంటె గోల్ఫునందే మక్కువగలవాడని పేరు. ఆతడు క్లిచ్‌కోను నాలుగుమాఱులు పడగొట్టి, రెండవ రౌండు ఇరువదియేడవ సెకండున కథ ముగించెను. మూడవది 2004వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన లాస్ వేగాస్‌లో. లామన్ బ్రూస్టర్ అను అమెరికనును నాలుగవ రౌండులో పడగొట్టిన క్లిచ్‌కోయే, ఐదవ రౌండులో సత్తువ యుడిగి తూలిపోయి, ఆ రౌండు చివర కూలబడెను. ఇక నీతని కథ ముగిసినదనియే లోకము తీర్పు చెప్పినది.

తెనాలి రామకృష్ణుని పిల్లి కథ నెఱుగని తెలుగువా డుండడు. సలసల కాగు పాలలో మూతి పెట్టి కాల్చుకొనిన ఆ పిల్లి, పిమ్మట పాలగిన్నెను జూచినంతనే పరుగు లంకించుకొనినది. క్లిచ్‌కో మూడుమాఱులు మూతి కాల్చుకొనెను. అయినను పాలను విడువలేదు. చల్లార్చుకొని త్రాగుట నేర్చుకొనెను.

ఆ విద్యను గఱపినవాడు ఎమాన్యుయెల్ స్టీవార్డ్. ఈతడు డెట్రాయిట్ నగరమందలి క్రాంక్ వ్యాయామశాలకు పెద్ద; థామస్ హెర్న్స్, లెనాక్స్ లూయిస్ వంటి మేటియోధులకు శిక్ష నిచ్చినవాడు. బ్రూస్టర్‌తోడి పరాజయమే ఈ గురుశిష్యుల తొలి పోరాటము. గురువు శిష్యుని విడువలేదు. శిష్యుడు గురువును నిందింపలేదు. అటుపిమ్మట వారు నిర్మించిన పద్ధతి మిక్కిలి సులభము, మిక్కిలి కఠినము. ఎడమచేతిని చాచి సూటిగా పొడుచు దెబ్బకు జాబ్ అని పేరు. పొడుగరి యగు క్లిచ్‌కో ఆ జాబ్‌ను కోటగోడవలె నడ్డము నిలిపెను. ప్రత్యర్థి యా గోడ దాటలేక తడబడు వేళ కుడిచేయి వెడలును. దాటి లోనికి వచ్చెనా, వెంటనే వానిని కౌగిలించి పట్టి, రెండువందల నలుబది పౌనుల బరువును వాని మెడపై మోపును. రెఫరీ వచ్చి విడదీయును, మఱల జాబ్. అట్లు పట్టుకొనుట నిబంధనల ప్రకారము తప్పే. కాని రెఫరీలు దానిని తఱచు మందలింపుతో సరిపుచ్చుదురు. చట్టమును మీఱకుండ చట్టపు టంచున నడచు విద్య న్యాయవాదులకు క్రొత్తది కాదు గనుక, మే మాయనపై రాయి వేయజాలము.

ఈ పద్ధతి పూర్తిగా గట్టిపడక పూర్వము, సమ్మెటకును డాక్టరునకును సంధి కుదురుచున్న కాలమున, ఒక గొప్ప పోరాటము జరిగినది. ఆయన గెలిచిన పోరాటములలో మిక్కిలి రక్తి కట్టినది యేది యని యడిగినచో మేము దీనినే చూపుదుము. 2005వ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీన అట్లాంటిక్ సిటీలో నైజీరియా యోధుడు శామ్యూల్ పీటర్ ఆయన కెదురు నిలిచెను. పీటర్ ఆడిన యిరువదినాలుగు పోరాటములును గెలిచినవాడు. అందు ఇరువదియొకటి ప్రత్యర్థిని తుదివఱకు నిలువనీయక గెలిచినవి. ఐదవ రౌండులో క్లిచ్‌కో రెండుమాఱులు పడెను. పదియవ రౌండులో మఱియొకమాఱు పడెను. చూచుచున్న ప్రతివానికిని సాండర్స్, బ్రూస్టర్ జ్ఞప్తికి వచ్చిరి. పడినవానికిని వారే జ్ఞప్తికి వచ్చియుందురు. అయినను ఆయన ప్రతిమాఱును లేచెను. లేచి, బెదరక, మఱల జాబ్ మొదలుపెట్టెను. తుది రౌండులో నెడమచేతి హుక్కుతో పీటర్‌నే తూలించెను. మువ్వురు న్యాయనిర్ణేతలును 114–111గా నాయనకే గెలుపు నిచ్చిరి. ఈ యంకెలనుగూడ వాడుక లెక్కతో విడదీసి చూడుడు: పడిన రెండు రౌండ్లు పోగా, మిగిలిన పదింట తొమ్మిది ఆయన గెలిచినగాని ఈ మొత్తము రాదు. అనగా మూడుమాఱులు నేలబడిన మనుష్యుడు, పడని ప్రతి నిమిషమును ఇంచుమించుగా తనదిగా జేసికొనెను. జాగ్రత్తయు ధైర్యమును ఒకే దేహమున కలసి పనిచేసిన రాత్రి యది.

మఱుసటి సంవత్సరము ఏప్రిల్ 22వ తేదీన మాన్‌హైమ్ నగరమున క్రిస్ బర్డ్‌ను గెలిచి క్లిచ్‌కో మఱల ప్రపంచ విజేత యయ్యెను. నాటినుండి 2015 నవంబరు వఱకు తొమ్మిది సంవత్సరముల ఏడు నెలలకాల మాయన బిరుదమును నిలుపుకొని, పదునెనిమిదిమాఱులు దానిని కాపాడుకొనెను. హెవీవెయిట్ చరిత్రలో నింతకంటె దీర్ఘకాలము ఎడతెగక ఏలినవాడు 1937 నుండి 1949 వఱకు విజేతగా నిలిచిన జో లూయిస్ ఒక్కడే. ఇంట గెలిచి రచ్చ గెలువుమనిరి పెద్దలు. ఉక్రెయినువాడగు క్లిచ్‌కో జర్మనీ యను రచ్చనే యిల్లుగా జేసికొనెను. అచ్చట ఫుట్‌బాల్ ఆడు మైదానము లాయన పోరాటములకు నిండిపోయెడివి.

అమెరికాలో మాత్ర మాయనకు మన్నన తక్కువ. 2008వ సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీన న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో సుల్తాన్ ఇబ్రాగిమోవ్‌తో పన్నెండు రౌండ్లు పోరినపుడు, ఎదుటివాని చేతిని తట్టుటయేగాని కొట్టుట కానరాక ప్రేక్షకులు గేలి చేసిరి. 2011వ సంవత్సరము జూలై 2వ తేదీన హాంబర్గ్ నగరమున డేవిడ్ హే యను ఆంగ్లేయునితో జరిగిన పోరు మాటలలో మహాభారతము, చేతలలో నుత్తరకుమార ప్రగల్భము. నెలల తరబడి బీరములు పలికిన హే పన్నెండు రౌండ్లును దూరదూరముగా దిరిగి, ఓడిన పిమ్మట కాలి చిటికెనవ్రేలు విరిగినదని చూపెను. క్లిచ్‌కో తప్పులేక గెలిచెను. తప్పులేమియే ఆ రాత్రి తప్పయ్యెను.

అయినను ఆ దీర్ఘపాలనమున సమ్మెట పెట్టెలోనుండి బయటపడిన రాత్రులు లేకపోలేదు. 2010వ సంవత్సరము మార్చి 20వ తేదీన డ్యూసెల్‌డార్ఫ్‌లో ఎడ్డీ చేంబర్స్‌తో పోరునపుడు, గెలుపు చేతిలో నున్నను ముగింపకున్న శిష్యునిపై స్టీవార్డ్ రింగు మూలనుండి కోపించుచుండెను. తుదకు పండ్రెండవ రౌండులో, గంట మ్రోగుటకు కొన్ని సెకండ్లే మిగిలియుండగా, ఒక్క యెడమచేతి దెబ్బతో క్లిచ్‌కో వానిని సొమ్మసిల్లజేసెను. పదునొకండు రౌండ్ల విసుగును ఆ ఒక్క దెబ్బ చెల్లుపెట్టినది. స్టీవార్డ్ 2012వ సంవత్సరము అక్టోబరులో కాలధర్మము చెందెను. 2014వ సంవత్సరము నవంబరు 15వ తేదీన హాంబర్గ్‌లో బల్గేరియా యోధుడు కుబ్రాత్ పులెవ్‌ను క్లిచ్‌కో మొదటి రౌండులో రెండుమాఱులు, మూడవ రౌండులో ఒకమాఱు పడగొట్టి, ఐదవ రౌండులో ముగించెను. పులెవ్ వెనుకంజ వేయక మీదికి వచ్చినవాడు. మీదికి వచ్చువాడు దొరికినపుడే క్లిచ్‌కో చూడదగినవాడయ్యెను. చప్పట్లు రెండు చేతులు కలిసిననే గదా మ్రోగునది.

ఇక నిరుపక్షముల వాదమును వినవలయును. ప్రేక్షకుడు వాది. డబ్బిచ్చి పోరు జూడవచ్చితిమి, కౌగిలింతలు జూచితిమి, ఇంత బలముగలవాడు ఆ బలమును దాచుకొనుట మోసము కాదా యని యాతని వాదము. ఇందు న్యాయము లేకపోలేదు. గదాయుద్ధమున దుర్యోధనునికి శిక్ష యెక్కువ, భీమునికి బలమెక్కువ యని మహాభారతము చెప్పుచున్నది. వినువారి మనస్సు మాత్రము భీముని వెంటనే పోవును. మనుష్యహృదయము నేర్పును గౌరవించును, తెగువను ప్రేమించును.

ప్రతివాది పక్షమున చెప్పవలసినది యింతకంటె బరువైనది. ముష్టియుద్ధమున తలయే గుఱి. మహమ్మదాలీతోడను జో ఫ్రేజియర్‌తోడను తెగబడి పోరి జనుల మెప్పు బొందిన జెర్రీ క్వారీ, దెబ్బల ఫలముగా మతి చెడి, తనవారు సాకవలసినవాడై, 1999లో ఏబదిమూడవ యేట మరణించెను. ఆతని పోరాటములను జూచి ఉప్పొంగినవారిలో నెంతమంది ఆతని చివరి దినములలో వెంట నుండిరి? తెగువకు చప్పట్లు మనవి. దాని ఖర్చు వానిది. అట్టి బేరమున తన సొత్తగు తలను గాపాడుకొనువానిని మోసగాడనుట న్యాయమా? క్లిచ్‌కో ప్రేక్షకునితో తుదివఱకు పోరెదనని యొప్పుకొనెనేగాని, ప్రేక్షకుని కోరిక మేరకు దెబ్బలు తినెదనని ఒప్పుకొనలేదు.

మా యభిప్రాయ మింతవఱకు ప్రతివాది పక్షమే. అయితే జాగ్రత్తను రక్షణ కొఱకే మనము కోరుదుము. ఆ రక్షణయు నీయజాలనిదైనపు డది యెందులకు? తాడి దన్నువానికి తల దన్నువా డుండును గదా. 2015వ సంవత్సరము నవంబరు 28వ తేదీన డ్యూసెల్‌డార్ఫ్‌లో ఆఱడుగుల తొమ్మిదంగుళముల టైసన్ ఫ్యూరీ యను ఆంగ్లేయు డెదురుపడెను. క్లిచ్‌కోకు తనకంటె పొడుగరితో పనిపడినది. జాబ్ అందదు; అందనిచో కుడిచేయి వెడలదు. పన్నెండు రౌండ్లలో నాయన తగిలింపగలిగిన దెబ్బలు ఏబదిరెండే యని లెక్కించిరి. ఓడుచున్నానని తెలిసియు తెగింపలేకపోయెను. పదేండ్లపాటు తన్ను గాచిన కవచమే యా రాత్రి సంకెల యయ్యెను. ఆయన పరాజయములలో దెబ్బలు తినకయే వచ్చిన పరాజయ మిదియే. మా దృష్టిలో దుఃఖకరమైనదియు నిదియే.

ఈ దుఃఖమును మనస్సున నుంచుకొని వెంబ్లీ రాత్రిని జూడవలయును. జోషువా 2012వ సంవత్సరపు లండన్ ఒలింపిక్ స్వర్ణవిజేత. ఆడిన పదునెనిమిది పోరాటములును ప్రత్యర్థిని తుదివఱకు నిలువనీయక గెలిచినవాడు. ఐదవ రౌండులో క్లిచ్‌కోను పడగొట్టెను. పూర్వపు క్లిచ్‌కో యైనచో కౌగిలించి కాలము గడపెడివాడు. ఈ క్లిచ్‌కో లేచి యెదురు దాడి చేసి, ఆ రౌండు ముగియునప్పటికి జోషువానే యలయించెను. ఆఱవ రౌండులో నాయన కుడిచేయి సూటిగా వెడలెను. జోషువా తన వృత్తిజీవితమున మొదటిమాఱు నేలబడెను. తొంబదివేలమంది యొక్కసారి నిలువబడిరి.

మా విచారణకు కీలకమగు ఘట్ట మిచ్చట నున్నది. జోషువా లేచెను గాని కాళ్లు తేరుకొనలేదు. ముగింపవలసిన సమయ మది. క్లిచ్‌కో ముగింపలేదు. తొందరపడక, దూరమున నిలిచి, పాయింట్లు కూర్చుకొనుచు, యువకునికి మూడు నాలుగు రౌండ్ల గడువిచ్చెను. పది రౌండ్లు ముగియునప్పటికి న్యాయనిర్ణేతలలో నిరువురు జోషువాను, ఒకరు క్లిచ్‌కోను ముందుంచిరి, భేదము స్వల్పము. పదునొకండవ రౌండులో తేరుకొనిన జోషువా గడ్డము క్రిందినుండి పైకి విసరిన దెబ్బ క్లిచ్‌కో తలను వెనుకకు విఱిచినట్లు చేసినది. రెండుమాఱులు పడి, రెండుమాఱులు లేచి, మూడవమాఱు త్రాళ్లకు జేరబడియుండగా రెఫరీ పోరు నాపెను. ఆయన పోరాటము లన్నిటిలో మిక్కిలి రక్తి కట్టిన దానిలోగూడ, జయాపజయములను నిర్ణయించినది జాగ్రత్తయే!

ఒప్పందము ప్రకారము మఱల నొకమాఱు జోషువాతో పోరు హక్కు క్లిచ్‌కోకు గలదు. అపారధనము కాచుకొనియుండెను, జనము కేకలు వేయుచుండెను. ఆయన 2017వ సంవత్సరము ఆగస్టులో ఆ హక్కును వదలుకొని విరమించెను. అఱువదినాలుగు విజయములు, అందు ఏబదిమూడు నాకౌట్లు, ఐదు పరాజయములు. మాటయు బుద్ధియు జెడకుండ రింగు దిగెను. నాలుగున్నర యేండ్ల పిమ్మట, 2022వ సంవత్సరము ఫిబ్రవరిలో రష్యా దండెత్తిన వేళ, అన్నయగు విటాలీ మేయరుగా నున్న కీవ్ నగరమును విడిచిపోక, అచ్చటి ప్రాదేశిక రక్షణదళమున జేరి నిలిచెను. రింగులో నీతడు పిఱికి యని గేలి చేసినవారు జాగ్రత్తకును పిఱికితనమునకును గల భేదము నప్పటికైనను గ్రహించియుందురని నమ్ముచున్నాము.

మా తీర్పు నిట్లు చెప్పి విరమించెదము. జాగ్రత్త కూడబెట్టిన ధనము వంటిది. దానిని కూడబెట్టినందులకు క్లిచ్‌కోను నిందించుట తగదు. సాండర్స్ చేతను బ్రూస్టర్ చేతను దివాలా తీసినవాడు పైసపైస లెక్కించుట సహజము. అయితే ధనము వెచ్చింపవలసిన దినమొకటి వచ్చును. పీటర్ యెదుట నాయన దానిని గుర్తించెను; ఫ్యూరీ యెదుట గుర్తింపలేదు; వెంబ్లీలో ఐదవ రౌండున గుర్తించి, ఆఱవ రౌండు పిమ్మట మఱచెను. పదునెనిమిది క్షేమకరమగు విజయములకంటె ఆ ఒక్క రాత్రిని జనులు గుండెలో నిలుపుకొనుటకు కారణము పరాజయముపై ప్రీతి కాదు. కూడబెట్టినవాడు వెచ్చించుటను వారు కన్నులార జూచిరి. మన కచ్చేరులలోను, కార్యాలయములలోను అట్టి ఆఱవ రౌండు ఎపు డెదురుపడునో గంట కొట్టి యెవ్వరును తెలుపరు.